బీవోఈ రాయాలా వద్దా అని అడిగిన మేనకోడలికి

మర్రిపాలెం, విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "రాయమ్మా, మంచిదే" అని ఊరుకున్నాను. ఫోను పెట్టేశాక రాత్రంతా అదే ఆలోచన. మంచిదే అని ఎవరైనా అంటారు. బీవోఈ, అంటే బాయిలర్ ఆపరేషన్ ఇంజనీరు సర్టిఫికెట్టు మనిషిని ఎలా నిలబెడుతుందో చూశాను, దాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో కూడా చూశాను. రెండోది ఇంతవరకూ మనింట్లో ఎవరికీ చెప్పలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పొద్దున కాకుండా, సెలవు రోజు తీరిగ్గా చదువు.

మీ సీనియరు అన్నాడన్నావే, "మన దేశంలో ఇంజనీరుకి లైసెన్సంటూ లేదు, బీటెక్ పట్టా చాలు" అని. అందులో సగం నిజముంది. లాయరుకి 1961 నాటి చట్టం ఉంది. చార్టర్డ్ అకౌంటెంటుకి 1949ది, ఆర్కిటెక్టుకి 1972ది. ఇంజనీరుని ఫలానా వాళ్ళే అనిపించుకోవాలనే అలాంటి చట్టం మనకి లేదు. ఇది లోటని నా అభిప్రాయం, ఎప్పటినుంచో అంటూనే ఉన్నాను. కానీ పేరు మీద లేని చట్టం పని మీద ఉంది. ప్రాణాలు తీసే పని ఏదైనా సరే, దాని దగ్గర అర్హత పత్రం ఉన్న మనిషి ఉండాలని రాసిపెట్టారు. గనిలో మేనేజరుకి ఉంది. కరెంటు పనుల్లో సూపర్‌వైజరుకి ఉంది. మన ఊళ్ళో మర్చంట్ నేవీ ఇళ్ళకేం తక్కువ, ఎవర్నైనా అడుగు: క్లాస్ ఫోర్, క్లాస్ టూ, క్లాస్ వన్ అని మెట్లు మెట్లుగా పరీక్షలు గట్టెక్కితే తప్ప చీఫ్ ఇంజనీరుగా ఓడ ఎక్కనివ్వరు. బాయిలర్ దగ్గరా అంతే. మీ ఫార్మా కంపెనీకి ఆవిరి అందించే యుటిలిటీ విభాగంలో నువ్వు రోజూ చేస్తున్న పని ఆ కోవలోదే.

ఈ నిబంధనల వెనక మనుషుల చావులున్నాయి. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి కొందరు పోయారు. మరుసటి ఏడాదే బెంగాల్‌లో బాయిలర్లను తనిఖీ చేయాలని చట్టం తెచ్చారు. తర్వాత ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరుగా రాసుకున్నవాటిని కలిపి 1923లో దేశమంతటికీ ఒకే చట్టం చేశారు. నా సర్వీసంతా దాని కిందే గడిచింది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చినా మూలం మారలేదు. రిజిస్టరు కాని బాయిలర్ని, సర్టిఫికెట్టు లేని బాయిలర్ని నడపకూడదు. అమెరికా సంగతీ ఇంతే. 1905 మార్చి 20న మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్ ఊళ్ళో బూట్ల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. నువ్వు కాలేజీలో విన్న, అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్ఎంఈ వాళ్ళ బాయిలర్ కోడ్‌కి బీజం అక్కడ పడింది. 1937లో టెక్సస్‌లోని న్యూ లండన్ అనే చోట గ్యాసు లీకై బడి పేలిపోయింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. అదే ఏడాది ఆ రాష్ట్రం ఇంజనీర్ల రిజిస్ట్రేషన్‌కి చట్టం చేసింది. నీ అప్లికేషన్ ఫారం నింపేటప్పుడు విసుగనిపిస్తే ఈ పిల్లల్ని తలుచుకో.

ఇక నా సంగతి.

నేను మొదటిసారి బీవోఈ మౌఖిక పరీక్ష, అదే ఓరల్‌కి వెళ్ళింది 1986లో. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పుస్తకం తిరగేస్తూ హైదరాబాదు చేరాను. రాత పరీక్ష బాగా రాసిన ధీమా ఉంది. సూపర్ హీటర్ గురించి, ఎఫిషియెన్సీ లెక్కల గురించి అడుగుతారనుకుని వెళ్ళాను. ఎగ్జామినరు పెద్దాయన. బాయిలర్లో నీళ్ళ మట్టం చూపించే గాజు గొట్టం గురించి ఒక్క ప్రశ్న వేశాడు. "గేజ్ గ్లాసులో నీళ్ళు కనబడటం లేదు. ఏం చేస్తావు?"

"ఫీడ్ పంపు ఆన్ చేస్తాను సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ట్యూబులు అప్పటికే ఎర్రగా కాలి ఉన్నాయి. వాటి మీద నీళ్ళు పోశావు. నీ షిఫ్టులో ఎంతమందయ్యా?"

"ఐదుగురం సార్."

"వాళ్ళ పేర్లు చెప్పు."

చెప్పడం మొదలెట్టాను. మూడో పేరు దగ్గర నా నోరు పెగల్లేదు. అప్పుడర్థమైంది ఆయన ఏం అడుగుతున్నాడో. "వచ్చే ఏడాది రా" అన్నాడు. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది.

నీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తున్నాను. నీళ్ళు కనబడకపోతే ముందు మంట ఆపాలి. నీళ్ళు తక్కువయ్యాయో ఎక్కువయ్యాయో తేలకపోతే తక్కువే అనుకోవాలి. చల్లారేదాకా ఒక్క చుక్క లోపలికి పంపకూడదు. లీటరు నీళ్ళు ఆవిరైతే మామూలు గాలి ఒత్తిడి దగ్గర 1,600 లీటర్ల పైచిలుకు చోటు కావాలి. కాలిన లోహం మీద పడ్డ నీళ్ళకి ఆ చోటు క్షణంలో కావాలి. ఎక్కడిస్తుంది బాయిలర్? ఈ సంగతి పుస్తకంలో నేను పదిసార్లు చదివాను. చదివినవాడికీ, చేతిలోకి వచ్చినవాడికీ తేడా ఉంది చూడు, దాన్ని ఆ గదిలో రెండు నిమిషాల్లో పట్టేశాడాయన. మరుసటి ఏడాది పాసయ్యాను. ఈలోగా షిఫ్టుకి వెళ్ళగానే మొదటి పని గేజ్ గ్లాస్ బ్లో చేసి, అంటే ఆవిరీ నీళ్ళూ వదిలి దారులు పూడుకోలేదని చూడటం అలవాటు చేసుకున్నాను. స్టీము కాక్, వాటరు కాక్, డ్రెయిన్ కాక్, ఒకదాని తర్వాత ఒకటి. రిటైరయ్యేదాకా మానలేదు. పరీక్ష వల్ల నాకు ఒరిగిన మొదటి లాభం ఇదే. జీతంలో కలిసిన అలవెన్సు ఆ తర్వాతి మాట.

ఇప్పుడు ఎవరికీ చెప్పని సంగతి.

1997లో మీ అమ్మ పెళ్ళి కుదిరింది. మీ తాతయ్య అప్పటికే లేరు. ఇంటికి పెద్దవాణ్ణి నేనే. సొసైటీ లోను తీసుకున్నా ఇంకా చాలలేదు. అప్పుడు తెలిసినాయన ఒకడు వచ్చి, హైవే పక్కన చిన్న ఫ్యాక్టరీ ఉంది, వాళ్ళకి బీవోఈ కావాలి, నువ్వు వెళ్ళక్కర్లేదు, సర్టిఫికెట్టు కాపీ గోడకి పెట్టుకుంటారు, నెలకి 1,500 ఇస్తారు అన్నాడు. అప్పట్లో అది మామూలు వ్యవహారంలాగే చెప్పుకునేవాళ్ళు. చాలామంది ఇచ్చేవాళ్ళు కూడా. ఒక్కసారి వెళ్ళి చూసి వచ్చాను. ఫైర్ ట్యూబ్ బాయిలర్, చిన్నదే, చూడటానికి బాగానే ఉంది. సంతకం పెట్టి ఇచ్చేశాను.

నాలుగు నెలలు డబ్బులు వచ్చాయి. ఐదో నెలలో ఒక రాత్రి ప్రమాదం జరిగింది. బాయిలర్ దగ్గరుండి నడిపే, సర్టిఫికెట్టున్న అటెండెంటు డ్యూటీ పగలే. రాత్రిపూట ఒక హెల్పరు చూసుకునేవాడు, పాతికేళ్ళ కుర్రాడు. గేజ్ గ్లాసుకి కింది దారి మురికితో పూడుకుపోయింది. లోపల నీళ్ళు తగ్గిపోతున్నా గాజులో మాత్రం నిండుగా కనబడుతూనే ఉన్నాయి. అతను దాన్నే నమ్మాడు. గాజులో నీళ్ళు ఎప్పుడూ కొంచెం ఊగుతూ ఉండాలనీ, కదలకుండా నిలబడ్డాయంటే అనుమానించాలనీ అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఎవరు? కాగితం ప్రకారం నేనే. నేను ఆ సమయానికి ఇంట్లో నిద్రపోతున్నాను. ట్యూబ్ ఫెయిలై ముందు తలుపు సందుల్లోంచి ఆవిరి కొట్టింది. అతని ప్రాణం దక్కింది. కుడి చెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది.

కేజీహెచ్‌కి, అదే మన పెద్దాసుపత్రికి వెళ్ళి చూశాను. నేనెవరో చెబుదామని నోరు తెరిచేలోపలే అతను నన్ను గుర్తుపట్టాడు. "గోడ మీద ఫోటోలో ఉండేది మీరే కదా సార్. రోజూ చూసేవాణ్ణి" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. పెద్దాయన చూడటానికి వచ్చాడన్న మర్యాదతోనే అన్నాడు. కోపంగా అనుంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. అతని చేతి వేళ్ళు రెండు ఇప్పటికీ పూర్తిగా మడవవు. ఆ వారమే సర్టిఫికెట్టు వెనక్కి తెచ్చుకున్నాను, తీసుకున్న డబ్బులు అతనింట్లో ఇచ్చాను. దానివల్ల ఏదో సరిపోయిందని నేను అనుకోవడం లేదు. నువ్వూ అనుకోకు. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించు. తన పెళ్ళికి నేను పడ్డ కష్టం అని ఇంట్లో ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నదాన్లో ఇదొక భాగం ఉందని తనకీ తెలియాలి.

అందుకే, తల్లీ, ముందుగా నీ దగ్గర ఈ మాట తీసుకుంటున్నాను. సర్టిఫికెట్టు రాగానే నీ దగ్గరికీ వస్తారు అలాంటి మనుషులు. పరవాడ, అచ్యుతాపురం చుట్టుపక్కల బాయిలర్లకేం తక్కువ. మాటలు మెత్తగా ఉంటాయి. "పేరు మాత్రమేనమ్మా, పని మా కుర్రాళ్ళు చూసుకుంటారు" అంటారు. నువ్వు నీ కాళ్ళతో నడిచి వెళ్ళి చూడని బాయిలర్ మీద నీ పేరు ఉండకూడదు. ఇంట్లో ఎంత అవసరమున్నా సరే. అవసరమైతే నన్నడుగు, నా పెన్షను ఉంది.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే భయపెట్టినట్టవుతుంది.

హుద్‌హుద్ తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది, 2014 అక్టోబరు 12. నువ్వప్పుడు హైస్కూల్లో ఉన్నావు. ఊళ్ళో చెట్లన్నీ పడిపోయి, కరెంటు లేక, మంచినీళ్ళ కోసం బిందెలతో తిరిగిన రోజులు. మా బాయిలర్ హౌస్ కప్పు రేకులు సగం లేచిపోయాయి. లోపల వేడిని తట్టుకునే రిఫ్రాక్టరీ ఇటుక అంతా వాన నీళ్ళు తాగేసింది. కరెంటు వచ్చిన మరుక్షణం నుంచి ఒత్తిడి మొదలైంది. ఆర్డర్లు ఆగిపోయాయి, రేపు సాయంత్రానికి స్టీము కావాలి అన్నారు. తడిసిన రిఫ్రాక్టరీకి ఒక్కసారిగా మంట పెడితే లోపలి తేమ ఆవిరై ఇటుక పెళ్ళలు పెళ్ళలుగా ఊడుతుంది. చిన్న మంటతో, గంటగంటకీ వేడి కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఆరబెట్టాలి. సేఫ్టీ వాల్వులు విప్పి చూడాలి. నాకు నాలుగు రోజులు కావాలన్నాను. పెద్ద మీటింగు పెట్టారు. నాకంటే హోదాలో పైవాళ్ళే అందరూ. నేను గట్టిగా అరిచే రకం కాదని నీకు తెలుసు. ఒక్క మాటే అన్నాను: "లాగ్ బుక్కులో మంట పెట్టిన లైటప్ ఎంట్రీ కింద బీవోఈగా నా సంతకం ఉంటుంది సార్. రేపటికైతే నేను పెట్టను. మీరు ఇంకొకర్ని నియమించుకుని వాళ్ళ చేత పెట్టించండి." గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాలుగు రోజులిచ్చారు.

ఆ ధైర్యం నా స్వభావంలోది కాదమ్మా. మామూలు షిఫ్టు ఇంజనీరుగా అయితే "సరే సార్" అనే వచ్చేవాణ్ణి. హోదా కంపెనీ ఇచ్చింది, తీసుకోగలదు. ఆ కాగితం కంపెనీ ఇచ్చింది కాదు. దాని వెనక కేజీహెచ్ మంచం కూడా ఉంది.

ఇక చేయాల్సిన పనులు. నీకు డిగ్రీ ఉంది, బాయిలర్ మీద మూడేళ్ళు నిండాయి కాబట్టి ఇదే సమయం. కొత్త చట్టం వచ్చింది గనుక రూల్సు పాత పుస్తకాల్లోంచి చూడకు. బాయిలర్ల శాఖ ఆఫీసుకి వెళ్ళి తాజా ప్రతి తెచ్చుకుని, అర్హత, ఫారం, ఫీజు అందులోంచే చూసుకో. అన్నిటికంటే ముందు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు. దీని దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఉద్యోగం మానేశాక అడిగితే హెచ్ఆర్‌లో అప్పటివాళ్ళు ఉండరు, వచ్చినవాళ్ళకి నువ్వెవరో తెలియదు. "యుటిలిటీ విభాగంలో పనిచేశారు" అని ఒక వాక్యం రాసి ఇస్తారు, అది ఎందుకూ కొరగాదు. ఏ బాయిలర్, దాని రిజిస్ట్రీ నంబరు, హీటింగ్ సర్‌ఫేస్ ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఆపరేషనా మెయింటెనెన్సా, నీ బాధ్యత ఏమిటి, ఇవన్నీ ఉండాలి. డ్రాఫ్టు నువ్వే రాసి పట్టుకెళ్ళు. రిజిస్ట్రీ నంబరు కాగితంలో చూసి రాయడం కాదు, బాయిలర్ మీద చెక్కి ఉన్న చోటికి వెళ్ళి చూసి రాసుకో. తప్పులు దొర్లేది అక్కడే.

సొంత డైరీ ఒకటి పెట్టుకో. కంపెనీ లాగ్ బుక్కు కంపెనీది. నీ డైరీలో నీకు మాత్రమే తెలిసేవి రాయి. ఇవాళ అడుగు మురికి నీళ్ళు వదిలే బ్లోడౌన్ ఎందుకు పెంచాల్సొచ్చింది, ఫలానా స్టీము ట్రాప్ ఎందుకు మొరాయించింది, మంట రంగు ఎలా ఉంది. ఓరల్లో నీకు పనికొచ్చేది అదే. ఫీడ్ వాటర్ ట్యాంకు నుంచి చివరి స్టీము వాల్వు దాకా లైను పట్టుకుని నడువు, ఎక్కాల్సిన చోట ఎక్కు, దాన్ని నీ చేత్తో గీసుకో. గోడకి అంటించిన డ్రాయింగుకీ నువ్వు నడిచిన లైనుకీ కనీసం రెండు చోట్ల తేడా వస్తుంది, ఏ ప్లాంటులోనైనా.

యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ రోజు సెలవు పెట్టకు. మ్యాన్ హోలు తీసినప్పుడు లోపలికి దిగాల్సింది నువ్వే. "ఆడపిల్లవి, నువ్వెందుకమ్మా, మేం చూసి చెప్తాం" అంటారు. ప్రేమగానే అంటారు, వాళ్ళని నొప్పించకు. కానీ దిగు. పర్మిట్టు తీసుకుని, లోపలి గాలి టెస్టు చేయించి, బయట మనిషిని నిలబెట్టి, 24 వోల్టుల లైటు పట్టుకుని దిగు. పొక్కు ఎలా ఉంటుందో, గుంత ఎలా ఉంటుందో వేలితో తడిమి చూడు. ఇన్‌స్పెక్టరు వెనకాలే ఉండి ఆయన ఎక్కడ ఆగి చూస్తున్నాడో గమనించు. ఆయన సుత్తితో కొట్టి విన్న చోట నువ్వూ కొట్టి విను. ఇన్‌స్పెక్టరుని చూసి దాక్కునే ఇంజనీర్లని చాలామందిని చూశాను. అంత మంచి మాస్టారు నీకు ఏడాదికి ఒక్కసారి, ఊరికే దొరుకుతున్నాడు.

మీ అటెండెంట్లని గౌరవించు. ఫస్ట్ క్లాస్ అటెండెంటుకి ఇరవయ్యేళ్ళ చెవి ఉంటుంది. ఫీడ్ పంపు శబ్దం మారిందని అతను అంటే, మీటరు ఏం చెబుతున్నా వెళ్ళి చూడు. రాత్రి డ్యూటీలో ఉండే హెల్పర్లకి గేజ్ గ్లాసు గురించి నువ్వే కూర్చోబెట్టి చెప్పు. ఇది నా కోరిక అనుకో.

మిగతా వాటి గురించి కూడా అడిగావు కదా. బీవోఈ తర్వాత బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) వాళ్ళ ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాయి, నాలుగు పేపర్లు. 2001 నాటి ఎనర్జీ కన్సర్వేషన్ చట్టం వల్ల దానికి విలువ ఉంది, నీ బాయిలర్ చదువు అందులో సగం పని చేసిపెడుతుంది. చార్టర్డ్ ఇంజనీరు అనే గుర్తింపుని 1920లో పుట్టి 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఇస్తుంది. దానికి తొందర లేదు, ఇంకా అనుభవం రానీ. పోర్టులో సెకండ్ హ్యాండ్ యంత్రాలు దిగినప్పుడు కస్టమ్స్ వాళ్ళకి చార్టర్డ్ ఇంజనీరు సర్టిఫికెట్టు కావాలి. యంత్రం మొహం చూడకుండా స్టాంపు వేసేవాళ్ళ గురించి నువ్వు వింటావు. నేను పైన రాసిందే ఇక్కడా వర్తిస్తుంది.

అమెరికా పీఈ, అంటే ప్రొఫెషనల్ ఇంజనీరు లైసెన్సు సంగతి. నువ్వు ఎమ్మెస్‌కి వెళ్ళి అక్కడే ఉండాలనుకుంటేనే దాని జోలికి వెళ్ళు. ముందు ఎఫ్ఈ అనే ప్రాథమిక పరీక్ష, తర్వాత మామూలుగా నాలుగేళ్ళ అనుభవం, ఆపైన పీఈ. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే లైసెన్సు ఇస్తుంది, 1907లో వయోమింగ్ మొదలుపెట్టినప్పటి నుంచీ అంతే. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి చాలా రాష్ట్రాల్లో మినహాయింపు ఉంది. నువ్వు ఇక్కడే ఉండేటట్టైతే ఆ డబ్బూ సమయమూ వృథా. మీ నాన్నకి ఈ మాట నేను చెబుతాను, నువ్వు వాదించకు.

సోమవారం హెచ్ఆర్‌కి వెళ్ళేటప్పుడు ఆఫర్ లెటరు, డిగ్రీ జిరాక్సు పట్టుకెళ్ళు. డ్రాఫ్టు ముందు నాకు వాట్సాప్‌లో పంపు, చూసి చెబుతాను. వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్యి, అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంటోంది. నా పాత ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) పుస్తకం అట్ట ఊడిపోయింది, బైండు చేయించి ఉంచాను. అందులో మార్జిన్ల నిండా పెన్సిలు రాతలున్నాయి. గేజ్ గ్లాసు బొమ్మ ఉన్న పేజీలో ఐదు పేర్లు రాసి ఉంటాయి, ఎగ్జామినరు అడిగినప్పుడు చెప్పలేకపోయినవి. వాటిని చెరపకు.

మీ మావయ్య